నితీష్ ముఖం అచ్చు ఎవరికి పోవాలి

నిజామాబాద్ పట్టణం గాజుల్‌పేటలో చక్కెర దండల బట్టీ నడిపే, కీర్తిశేషులు రాజారాం భార్య రుక్మాబాయి అనే నేను, వయసు అరవై ఎనిమిది, నా బుద్ధి నా దగ్గరే ఉండగా నా నోటితో చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి సరిగ్గా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు, జత చేశాను. సరిగ్గా లేదనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లన్నీ కింద వస్తాయి, ఎవరికి ఏం దక్కిందో తీరిగ్గా చదువుకోవచ్చు.

ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టేవాడు ఇంకా పుట్టలేదు. కిడ్నీలు మాత్రం నా మాట వినడం మానేశాయి, అందుకే తొందర. దస్తావేజులు రాసే భీమన్న మధ్యలో కలం ఆపి, "గివన్ని వీలునామల రాయరమ్మా, ఆస్తి ముచ్చట్నే చెప్పు" అన్నాడు. చచ్చేది నేను, రాసేది నువ్వు, నోరు మూసుకుని రాయి అన్నాను. రాస్తున్నాడు.

ఆస్తి అంటే ఏముంది? ఇల్లు, దాని వెనక బట్టీ, గోడకు వేలాడే, పాకం పోసే టేకు అచ్చులు. హోళీకి పిల్లల మెడలో వేసే చక్కెర దండల్నే మేం పేర్లంటాం. మా పెళ్లయిన నాటి నుంచి ఇంట్లో అదే పని. వాటి కోసం ఎవరూ కొట్టుకోరు. కొట్టుకునేది ఒక్కదాని కోసమే. నా కొడుకు నితీష్ ముఖం నేను చెక్కిన అచ్చు, అరచేయంత ఉంటుంది. నా భర్త అన్న ఆత్మారాం, ఆయన కొడుకు భానుప్రసాద్ అది తమ ఇంటికి రావాలంటారు. నా బిడ్డ శిరీష దాన్ని పొయ్యిలో పెట్టమంటుంది. నేను కన్ను మూసిన పూటే వీళ్లలో ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేస్తారని నాకు తెలుసు. అందుకే ఈ కాగితం.

1. ఇల్లు నా బిడ్డ శిరీషకు. ఇందులో చర్చ లేదు. కప్పు ఉత్తరం వైపు కారుతుంది, ఆ సంగతి ఆమెకు తెలుసు.

2. బావ ఆత్మారాంకు మా వసారాలోని ఇనుప కుర్చీ.

ఎనిమిదేళ్ల కింద, చెరుకు కొట్టే కాలంలో, నా కొడుకు బోధన్ నుంచి బండి మీద వస్తూ ఎడపల్లి దాటాక, రోడ్డు మీద నిలబెట్టిన చెరుకు ట్రాలీకి గుద్దుకున్నాడు. ట్రాలీకి వెనక లైటు లేదు. ఒక ఎర్ర గుడ్డయినా కట్టలేదు. వాడికి ఇరవై నాలుగేళ్లు. మూడో రోజున ఆత్మారాం ఈ కుర్చీలో కూర్చుని, మారు అన్నం పెట్టించుకుంటూ, వచ్చినవాళ్లందరికీ వినబడేటట్టు, "శక్కరే బతుకిచ్చింది, శక్కరే తీస్కపోయింది. అంత దేవుని లీల" అన్నాడు. అందరూ తలలూపారు. ఎంత మంచిగ చెప్పిండని ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది కూడా.

దేవుని లీల కాదు బావా, లైటు లేని ట్రాలీ. ఎద్దు పుండు కాకికి ముద్దా అని మా అవ్వ ఊరికే అనలేదు. ఆ మాట పుట్టిన కుర్చీ నీ దగ్గరే ఉండాలి. దానికి ఒక కాలు కురచ. ఆ రోజు నీకు తెలియలేదు, ధ్యాసంతా విస్తరి మీద ఉంది కదా.

3. భానుప్రసాద్‌కు వాడు కొట్టించిన ఫ్లెక్సీ.

నా కొడుకు పోయిన మర్నాడే చౌరస్తాలో కట్టించాడు. పైన వరసగా లీడర్ల తలకాయలు. మధ్యలో నిలువెత్తున చేతులు జోడించి భానుప్రసాద్. కింద మూలన, గుండ్రటి బిళ్లలో నా కొడుకు, ఎవరి పెళ్లికో వచ్చి ఫోటోలో ఇరుక్కున్న చుట్టంలా. వర్ని నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ ఫ్లెక్సీ చూసి నేరుగా మా ఇంటికొచ్చి, "భానుప్రసాద్ ఎట్ల పోయిండమ్మా, మంచిగనే ఉండె గద" అని ఏడ్చాడు. ఇంకా పోలేదు నాయనా, ఎలక్షన్ల దాకా ఉంటాడు అని చెప్పి నీళ్లిచ్చి పంపాను. వాన పడితే బట్టీ కట్టెల మీద ఆ ఫ్లెక్సీనే కప్పుతున్నాను. భానుప్రసాద్ ముఖం ఇంకా చెక్కుచెదరలేదు. నా కొడుకు ఉన్న మూల ఎప్పుడో చిరిగిపోయింది. మిగిలినది ఎవరిదో వాళ్లకే ఇస్తున్నాను.

4. సిరికొండ ముత్తన్నకు ఆయన ఉలి.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ లేదు, బట్టీ ముట్టించొద్దని ఆత్మారాం తీర్పు చెప్పి వెళ్లాడు. హోళీ దగ్గరికొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఆ రోజుల్లో నా చేతులు పాకంలోనే ఉండేవి. ఖాళీ చేతులతో కూర్చుంటే ఏమవుతుందో చెప్తాను వినండి. నా చేతులు వాడి అంగీలు మడత పెట్టేవి, విప్పేవి, మళ్లీ మడత పెట్టేవి. గిన్నె తోమితే తోముతూనే ఉండేవి. నాకు పిచ్చి పడుతుందని నాకే భయమేసింది. గుండె పగిలితే ఏడుస్తాం, సరే. చేతులేం చేస్తాయి?

మా అచ్చులన్నీ చెక్కింది ముత్తన్నే. ఆయన దగ్గరికెళ్లి కొడుకు ఫోటో ముందు పెట్టి, దీన్ని అచ్చులో చెక్కి పెట్టమన్నాను. ఆయన రెండు అడుగులు వెనక్కి జరిగి, "సచ్చినోళ్ల మొఖం అచ్చుల పెట్టొద్దవ్వా. ఉలి కావాల్నంటె ఇస్త, చెయ్యి మాత్రం ఇయ్య" అన్నాడు. ఈ కాగితంలో నాతో నిజం మాట్లాడిన మగవాడు ఆయనొక్కడే. ఉలి తీసుకుని వచ్చేశాను. సాన పట్టీ పట్టీ సగమైంది. ముత్తన్నా, నీ ఉలి తిరిగి ఇవ్వలేదని అనుకోకు.

5. ఇక సదరు అచ్చు వర్ణన, రేపు ఎవరైనా నకిలీది తెచ్చి ఇదే అది అంటే పట్టుకోవడానికి.

టేకు పలక. ముఖం సూటిగా ఎదురు చూస్తూ ఉంటుంది. మొదట్లో చెడగొట్టిన పలకలన్నీ పొయ్యిలో పెట్టాను. ఒకదాంట్లో నా కొడుకు మా మామగారిలా తయారయ్యాడు, ఒకదాంట్లో గుమ్మడికాయ. అన్నిటికన్నా బాగా వచ్చినదాన్ని నీళ్లలో నానబెట్టి, పాకం పోసి, ఆరనిచ్చి, తిరగేసి తట్టాను. బిళ్ల నా చేతిలో పడింది. వాడే. పెదవులు వాడివే, పైకి లేచే చెవి వాడిదే. కానీ చిన్నప్పుడు బట్టీ రాయి మీద పడి ఎడమ కనుబొమ్మ మీద తెగిన గాటు కుడి కనుబొమ్మ మీదకొచ్చింది.

ఫోటోలో ఏ పక్క కనబడితే ఆ పక్కనే చెక్కాను మరి. అచ్చు అంతా తిరగబడుతుందని నాకు తెలియదా? జీవితమంతా పువ్వులు, గోపురాలే పోశాను. పువ్వుకు కుడేమిటి, ఎడమేమిటి? గోపురం ఎటు తిప్పినా గోపురమే. మనిషి ముఖం ఎప్పుడూ పొయ్యలేదు కదా. తల బట్టీ గోడకేసి కొట్టుకున్నాను. కొడుకు ముఖంలో గాటు ఏ పక్కనుందో కూడా తెలియని తల్లినని నన్ను నేనే తిట్టుకుంటూ అచ్చును పగలగొట్టబోయాను.

పక్కింటి యేసమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమెది మెథడిస్టు చర్చి, ఆదివారం తెల్ల చీర, మిగతా రోజులు నాతో పాటు పాకంలోనే. బిళ్లను వెలుతురులో పెట్టి చూసి, "తప్పేం లేదక్కా. అద్దంల సూస్కుంటె వానికి గట్లనే కనవడుతుండె గద" అంది. వాడు రోజూ అద్దం ముందు పావు గంట దువ్వుకునేవాడు. మేమంతా చూసిన ముఖం కాదు, వాడు చూసుకున్న ముఖం వచ్చింది. అందుకే దిద్దలేదు. అసలు అచ్చుతో పోస్తే గాటు కుడి కనుబొమ్మ మీద వస్తుంది. ఎడమన వస్తే అది నకిలీ.

6. ఎదురింటి రేణుకమ్మకు నా రెండు పెద్ద స్టీలు గ్లాసులు. ఓదార్చడానికి రోజూ వచ్చేది, రోజూ టీ చిన్న గ్లాసులో పోశానని మొహం ముడుచుకునేది. ఆమె ఓదార్పు ఎలా ఉండేదంటే, "మా అక్క కొడుకు ఇంకా చిన్నగున్నప్పుడే పోయిండు, నీది నయం గద" అనేది.

ఆ హోళీకి దండలన్నిటికీ మధ్యలో నితీష్ బిళ్ల కట్టి గల్లీ పిల్లల మెడల్లో వేశాను. పిల్లలు పిల్లలే, వేసుకున్న గంటలో కొరకడం మొదలుపెట్టారు. "నితీషన్న ముక్కు నాది" అని బంటి, చెవి నాదని ఇంకొకరు. రేణుకమ్మ పరుగెత్తుకొచ్చి పిల్లల నోట్లో వేళ్లు పెట్టి లాగుతూ, "పీనుగు మొఖం పోరగాండ్లకు తినిపిస్తున్నవా? బాణామతి గిట నేర్చినవా?" అని గల్లీ అంతా వినబడేటట్టు అరిచింది. బాణామతి అన్న మాటకు మా దిక్కు మనుషుల్ని కొట్టి చంపారమ్మా రేణుకా. ఆ మాట నోట్లోంచి తేలిగ్గా జారింది నీకు. పెద్ద గ్లాసుతో నీళ్లు తాగి నోరు కడుక్కో.

నాకు మాత్రం కొడుకు పోయాక మొదటిసారి ఊపిరాడింది ఆ రోజే. వాడు చేతిలో ఏదుంటే అది పంచేసేవాడు. పిల్లలు వాణ్ని పంచుకుని, నవ్వుకుని, చేతులు నాకారు. పొద్దుగూకేసరికి దారాలు తప్ప ఏమీ మిగల్లేదు. దాచుకుందామన్నా దాచుకోవడానికి లేదు. అలా పోవడం నాకు నచ్చింది. వచ్చే ఏడు మళ్లీ పోస్తాను, మళ్లీ పోతాడు, కానీ రోడ్డు మీద కాదు.

7. హైదరాబాద్ నుంచి మైకు పట్టుకుని వచ్చిన పిల్లవాడికి ఏమీ లేదు. పేరు కూడా గుర్తులేదు. "అమ్మా, కళ మీ దుఃఖాన్ని మాన్పిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఇంటి దగ్గరే రాసుకొచ్చినట్టున్నాడు. మాన్పలేదు నాయనా. అదేమైనా గజ్జా మానడానికి? నా చేతులకు పని దొరికింది, అంతే. అది కళో కాదో మీరు ఏసీ గదుల్లో కూర్చుని తేల్చుకోండి. ఆ ముక్క కోసేసి, వెనక ఏదో పాట పెట్టి, నేను కొంగుతో చెమట తుడుచుకుంటే కన్నీళ్లని రాసి ఫోన్లలో వదిలాడు.

అది లక్షల మంది చూశారట. చూసిన వారానికే ఆత్మారాం వచ్చాడు. పీడ అచ్చును బాసరలో గోదావరిలో పారెయ్యమని ఏడేళ్లు నన్ను పీక్కుతిన్న మనిషి, "గిది మన ఖాందాన్ కళ" అన్నాడు. భానుప్రసాద్ అయితే అద్దాల పెట్టె తయారు చేయించాడు. అందులో అచ్చు, పక్కన వార్నీషు పూసిన చక్కెర బిళ్ల, ముందు వాడి పేరుతో బోర్డు. "సిన్నవ్వా, తమ్ముడు శాశ్వతంగ ఉంటడు" అన్నాడు. బతికున్నప్పుడు పలకరించని తమ్ముడు ఇప్పుడు శాశ్వతం కావాలి వీడికి. థూ. వార్నీషు పూసిన చక్కెరను చీమ కూడా ముట్టదు. నా కొడుకును చీమలు కూడా ముట్టని స్థితికి తేవద్దు.

8. కాబట్టి సదరు అచ్చును, మిగతా అచ్చులన్నిటినీ, బట్టీని, ఇత్తడి గుండిగెను సంపూర్ణ హక్కులతో యేసమ్మకు రాసిస్తున్నాను. కిరస్తానమె హోళీ పేర్లు పోస్తుందా అని ఆత్మారాం నోరు తెరుస్తాడు. ఇన్నేళ్లుగా మీరంతా మెళ్లో వేసుకుని కొరికినవి ఎవరు పోసినవనుకున్నావు బావా? నా చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి పాకం పోసేది ఆమే. మీ దేవుడికి తెలుసు, ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

షరతులు ఇవి. ప్రతి హోళీకీ నితీష్ బిళ్ల పోయాలి. అది గల్లీ పిల్లలకే, అడిగినవాడికి లేదనకుండా. అద్దాల పెట్టె, వార్నీషు, బోర్డు, ఫోటోలు, ఉపన్యాసాలు ఏవీ ఉండకూడదు. పోయగా పోయగా అచ్చు అరుగుతుంది. ముందు గాటు పోతుంది, తర్వాత పెదవులు, తర్వాత ఎవరి ముఖమో తెలియకుండా పోతుంది. పోనివ్వాలి. ఎవరూ మళ్లీ చెక్కకూడదు. వాణ్ని ఎరిగినవాళ్లం పోయాక కూడా వాడి ముఖాన్ని నిలబెట్టి ఎవరికి చూపిస్తారు?

9. నేను పోయాక నా పేరుతో ఫ్లెక్సీ కొట్టించిన వారసుడికి ఈ వీలునామాలో దక్కింది దక్కదు. భానుప్రసాద్, ఫ్లెక్సీ తిరిగి ఇచ్చెయ్యాల్సి వస్తుంది చూసుకో. చక్కెర గురించి, దేవుడి గురించి, కళ గురించి ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడాలనిపిస్తే కట్టెలు మొయ్యండి.

10. శిరీషా, ఇది నీకు. భీమన్నా, ఇది మాత్రం ఒక్క అక్షరం తప్పు పోకుండా రాయి.

ఆ మొదటి హోళీకి నువ్వు అత్తగారి ఊరు ధర్పల్లి నుంచి నీ బిడ్డ సంజనను ఎత్తుకుని వచ్చావు. బిడ్డ పిల్లలకు మొదటి దండ తల్లిగారింటిదే కదా, నేనే దాని మెడలో వేశాను. మధ్యలో తమ్ముడి ముఖం చూసి నువ్వు దారం తెంపేశావు. "నా తమ్ముణ్ని నేను తిన. నా బిడ్డతోని తినిపియ్య" అన్నావు. ఆ మాట నీకు తగింది, దానికి నాకు కోపం లేదు. అందరికీ ఒకటే మందు పనిచేస్తుందని నేను ఎన్నడూ అనలేదు. కానీ గడప దగ్గర ఆగి ఇంకొకటన్నావు. "సచ్చినోనికే చెక్కుతవా అవ్వా? నాకు గూడ మొఖం ఉంది. నేను సస్తెగని నా దిక్కు సూడవా?" అన్నావు. అప్పటి నుంచి హోళీకి రావడం మానేశావు. సంజన నా చేతి దండ లేకుండానే పెద్దదైంది. మిగతా రోజుల్లో వస్తావు, మందులిచ్చి వెళ్తావు, మందుల గురించే మాట్లాడతావు, లేదంటే అచ్చును పొయ్యిలో పెట్టమంటావు.

నువ్వు అడిగినదానికి జవాబు నీ ముఖం మీద చెప్పడం నా వల్ల కాలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఆ హోళీ అయిన వారంలోనే ముత్తన్న దగ్గర మంచి టేకు పలక తెచ్చాను. నీ ముఖానికే. నీ ఫోటో అవసరం పడలేదు, నీ ముక్కు నా వేళ్లకు తెలుసు, నువ్వు పుట్టినప్పుడు నూనె రాసి రాసి నిలబెట్టిన ముక్కు అది. బొగ్గుతో గీశాను. ఉలి పెట్టాను. సుత్తి ఎత్తాను. దెబ్బ వెయ్యలేకపోయాను.

అచ్చంటే గుంత, బిడ్డా. చక్కెరలో ముక్కు పైకి లేవాలంటే చెక్కలో ముక్కు ఉండే చోట తవ్వాలి. కళ్లు ఉండే చోట తవ్వాలి. నితీష్‌కు తవ్వగలిగాను, తవ్వడానికి అక్కడ ఇంకేం మిగిలింది కనుక? నీది అలా కాదు. నువ్వు ధర్పల్లిలో ఉన్నావు, పొద్దున లేస్తావు, సంజనకు జడ వేస్తావు, నా మీద కోపంగా ఉంటావు. ఉన్న ముఖంలో గుంత తవ్వమంటే నా చెయ్యి లేవలేదు. ప్రతి ఏడూ తీసి చూశాను, ప్రతి ఏడూ లేవలేదు. చివరికి బొగ్గు గీతలు కూడా తుడిచేశాను. నీ దిక్కు చూడలేదన్నావు. ఎనిమిదేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

కాబట్టి ఏమీ చెక్కని సదరు టేకు పలకను నా బిడ్డ శిరీషకు సర్వహక్కులతో ఇస్తున్నాను. దాని మీద రొట్టెలు చేసుకో, కూరగాయలు తరుగు, నీ ఇష్టం. సంజన పెళ్లయ్యాక దానికివ్వాలనిపిస్తే ఇవ్వు. నేను పోయాక గానీ, ఎప్పుడు గానీ, ఎంత పనిమంతుడైనా గానీ, దాని మీద ఉలి పెట్టడానికి వీల్లేదు.

పైన రాసిందంతా భీమన్న చదివి వినిపించగా విన్నాను, ఒప్పుకున్నాను, ఎక్కడా మెత్తబరచలేదు. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు, దీన్ని నడిపించే బాధ్యత భీమన్నదే.

నిజామాబాద్,
తేదీ 24 ఫిబ్రవరి 2025, సోమవారం.

(సంతకం) రుక్మాబాయి

సాక్షులు, నా ఎదుట సంతకం పెట్టినవారు:
1. కొండ్రు పోశెట్టి, టీ హోటల్, గాజుల్‌పేట
2. షారోన్, నర్సు, బోధన్ రోడ్డు

రాసినవారు: భీమన్న, దస్తావేజు లేఖరి